ఫొటో తీసినవాడి బాకీ

మన సాహిత్య విమర్శలో ‘ఫొటో’ అనే మాట ఒక తిట్టుగా స్థిరపడిపోయింది. కథ నచ్చకపోతే ‘ఉన్నది ఉన్నట్టు దించేశాడు, ఇది కథ కాదు, ఫొటో’ అంటాం. జీవితాన్ని పైపైన చూపటం వేరు, దాని సారాన్ని పట్టుకోవటం వేరు అని చెప్పటానికి ఈ పోలిక తెస్తాం. చెప్పదలచుకున్న విషయంలో తప్పు లేదు. తెచ్చిన పోలికలోనే తప్పుంది. కెమెరా దానంతటది ఏదీ చూడదు. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో, మీట ఎప్పుడు నొక్కాలో, ఎవరిని చట్రంలోకి రానివ్వాలో, ఎవరిని బయట ఉంచాలో నిర్ణయించేది మనిషి. ఆ మనిషికి ఒక వర్గం ఉంటుంది. ఒక దృక్పథం ఉంటుంది. జీతమిచ్చే యజమానో, వెనక నిలబడ్డ ఉద్యమమో ఉంటుంది.

పేదల బతుకులను కెమెరాతో నమోదు చేసినవారి చరిత్ర చూస్తే ఈ విషయం స్పష్టపడుతుంది. దానితోపాటు ఇంకొక ప్రశ్న కూడా ఎదురవుతుంది. బొమ్మ లోకమంతా తిరిగింది, తీసినవాడికి పేరొచ్చింది, మరి బొమ్మలో ఉన్న మనిషికి ఏం మిగిలింది? రచయితకూ తప్పని ప్రశ్న ఇది. అమెరికాలో రెండు, మన దేశంలో ఒకటి, జపానులో ఒకటి - నాలుగు ఘట్టాలను తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మొదటిది బాలకార్మికుల కథ. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా నూలుమిల్లుల్లో, బొగ్గు గనుల్లో, గాజు కార్ఖానాల్లో లక్షలాది పిల్లలు పనిచేసేవారు. దీన్ని ఆపటానికి 1904లో జాతీయ బాలకార్మిక సంఘం ఏర్పడింది. న్యూయార్కులో బడిపంతులుగా పనిచేసిన లూయిస్ హైన్‌ను ఈ సంఘం 1908లో ఫొటోగ్రాఫరుగా నియమించింది. మిల్లు యజమానులు అతన్ని గేటు దాటనిచ్చేవారు కాదు. బైబిళ్లు అమ్మేవాడిననో, యంత్రాల బొమ్మలు తీయటానికి వచ్చాననో చెప్పి అతను లోపలికి వెళ్లేవాడు. పిల్లల పొడుగు కొలవటానికి తన చొక్కా బొత్తాలను గుర్తులుగా పెట్టుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి, ఎవరికీ కనపడకుండా కాగితం మీద వివరాలు రాసుకునేవాడు.

హైన్ గొప్పతనం బొమ్మల్లో ఎంత ఉందో, బొమ్మల కింద రాసిన మాటల్లోనూ అంత ఉంది. ఉత్తర కరొలైనాలోని ఒక నూలుమిల్లులో 1908లో తీసిన ఒక అమ్మాయి బొమ్మ ఉంది. రెండు వరసల కదుళ్ల మధ్య నిలబడి ఉంటుంది. ఆ పిల్ల పొడుగు 51 అంగుళాలు. మిల్లులో చేరి ఏడాదయింది. ఒక్కోసారి రాత్రి పని కూడా చేస్తుంది. రోజుకూలి 48 సెంట్లు. ఈ వివరాలన్నీ హైన్ రాశాడు. అవి లేకపోతే ఆ బొమ్మ చూసినవాడు ‘అయ్యో పాపం’ అనుకొని పేజీ తిప్పేసేవాడు. అవి ఉన్నాయి కాబట్టి అది సాక్ష్యమయింది. జాలిని సాక్ష్యంగా మార్చే పని అక్షరం చేసింది.

అయితే ఈ బొమ్మలే చట్టాన్ని తెచ్చాయని చెప్పటం అతిశయోక్తి. 1916లో బాలకార్మికుల శ్రమను అరికట్టే చట్టం వచ్చింది. 1918లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. మళ్లీ గట్టి చట్టం రావటానికి 1938 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ముప్పయ్యేళ్లలో ఎన్నో పోరాటాలు జరిగాయి. ఫొటో ఆ పోరాటాలకు ఒక ఆయుధం మాత్రమే. హైన్ 1940లో దాదాపు ఎవరూ పట్టించుకోని స్థితిలో, పేదరికంలో చనిపోయాడు.

రెండో ఘట్టం 1936 నాటిది. ఆర్థిక మాంద్యంలో చితికిపోయిన రైతుల స్థితిని నమోదు చేయటానికి అమెరికా ప్రభుత్వమే ఫొటోగ్రాఫర్లను పంపింది. ఆ విభాగానికి అధిపతి రాయ్ స్ట్రైకర్. తనకు నచ్చని నెగెటివ్‌లకు అతను చిల్లులు పొడిచేవాడు. ప్రభుత్వానికి పనికొచ్చే పేదరికం ఏదో, పనికిరానిది ఏదో ఆ చిల్లుతో తేలిపోయేది. ఆ విభాగంలో పనిచేసిన డొరొథియా లాంగ్ కాలిఫోర్నియాలో నిపోమో అనే ఊరి దగ్గర, బఠానీ కోతకు వచ్చిన కూలీల గుడారాల్లో ఒక తల్లిని ఫొటో తీసింది. పంట దెబ్బతిని అక్కడ పని లేకుండా పోయింది. 32 ఏళ్ల ఆ తల్లి గడ్డం కింద చెయ్యి పెట్టుకొని ఎటో చూస్తుంటుంది. చెరో పక్కనా ఇద్దరు పిల్లలు మొహాలు తిప్పుకొని ఉంటారు. ఒళ్లో పసిబిడ్డ. 20వ శతాబ్దంలో అత్యధికంగా అచ్చయిన బొమ్మల్లో ఇదొకటి.

లాంగ్ నిజాయితీని నేను శంకించటం లేదు. కాని కొన్ని వాస్తవాలు చెప్పుకోవాలి. ఆమె ఆ తల్లి పేరు అడగలేదు. బొమ్మ పత్రికలో వచ్చాక సుమారు 20,000 పౌండ్ల తిండిసామాను ఆ గుడారాలకు చేరింది. అప్పటికే ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. చూసినవారు ఆమెను మధ్య మైదానాల దుమ్ము తుఫానులకు పొలం పోగొట్టుకొని వచ్చిన తెల్లజాతి రైతు భార్య అనుకున్నారు. నిజానికి ఆమె చెరొకీ అనే ఆదివాసీ జాతికి చెందిన మనిషి. దుమ్ము తుఫానులకు చాలా ముందే కాలిఫోర్నియాకు వచ్చింది. తన భూమి నుంచి తరిమివేయబడిన ఒక జాతి చరిత్ర ఆ మొహంలో ఉంది. ‘వలస తల్లి’ అనే పేరు ఆ చరిత్రను కప్పేసింది. బొమ్మ అంచున ఆమె బొటనవేలు కనిపించేది. అది కూర్పుకు అడ్డమని తర్వాత నెగెటివ్‌లో చెరిపించారు. 1978లో పత్రికలవాళ్లు ఆమెను కనుక్కున్నప్పుడు, ఆ ఫొటో వల్ల తనకు దమ్మిడీ రాలేదనీ, అసలది తీయకపోతేనే బాగుండేదనీ ఆమె చెప్పింది.

పేరు అడగకపోవటం చిన్న విషయం కాదు. పేరు లేని మనిషి ‘ప్రతీక’ అవుతాడు. ప్రతీకకు మనం బాకీపడం. మన కథల్లో ‘ఒక ముసలమ్మ’, ‘ఒక కూలివాడు’ అని వచ్చే మనుషుల్ని ఒకసారి ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి.

ఇక మన దేశానికి వద్దాం. 1943లో, అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో మొదటి మహాసభ జరుపుకున్న ఆ ఏడాదే, బెంగాల్ కరువు వచ్చింది. 1945లో ప్రభుత్వ విచారణ సంఘం 15 లక్షలమంది చనిపోయారన్నది. తర్వాతి పరిశోధకులు చాలామంది 30 లక్షల దాకా లెక్కగట్టారు. యుద్ధకాలపు విధానాలు, ధాన్యం దొంగనిల్వలు, ధరల పెరుగుదల కలిసి చేసిన హత్య అది. ప్రభుత్వం మాత్రం దాన్ని కరువని ప్రకటించటానికే ఒప్పుకోలేదు. 1943 ఆగస్టు 22న కలకత్తా ‘స్టేట్స్‌మన్’ పత్రిక వీధుల్లో చనిపోతున్నవారి ఫొటోలు వేసింది. ఆంగ్లేయుల యాజమాన్యంలోని పత్రిక, ఆంగ్లేయ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్. అయినా ఆ సాహసం చేశాడు. దాంతో ఢిల్లీలో, లండన్‌లో బుకాయించటం కష్టమయింది. ఈ మేలును కాదనకూడదు.

కాని ఆ బొమ్మలు కలకత్తా వీధుల దగ్గర ఆగిపోయాయి. కరువు పుట్టింది పల్లెల్లో. అక్కడికి వెళ్లినవాడు సునీల్ జానా. అప్పటికి అతని వయసు 25. కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషీ అతన్నీ, చిత్రకారుడు చిత్తప్రసాద్‌నూ కరువు ప్రాంతాలకు పంపటమే కాదు, తాను కూడా తిరిగాడు. వారి వ్యాసాలు, ఫొటోలు, బొమ్మలు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో వచ్చాయి. 1943 నవంబరులో మిడ్నపూర్ జిల్లా తిరిగిన చిత్తప్రసాద్ ‘హంగ్రీ బెంగాల్’ అనే పుస్తకం తెచ్చాడు. ఏ ఊరు, ఎవరు, ఏం అమ్ముకున్నారు, ఎవరు పోయారు అన్నది బొమ్మతోపాటు రాశాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతులను పట్టుకొని తగలబెట్టింది. బొమ్మ కింద ఊరి పేరు, మనిషి పేరు ఉంటే ఏలినవారికి ఎంత భయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. రాసేవాడు, గీసేవాడు, ఫొటో తీసేవాడు ఒకే దారిన నడిచారు. ఒకరు చూడనిది మరొకరు చూశారు. వారి వెనక గంజికేంద్రాలు నడిపిన కార్యకర్తలున్నారు. బొమ్మ చూసినవాడికి ‘నేనేం చెయ్యాలి?’ అన్న ప్రశ్నకు జవాబు అదే పేజీలో దొరికింది. స్టేట్స్‌మన్ ఫొటో పాలకుల మనస్సాక్షిని తట్టింది. జానా ఫొటో జనాన్ని కూడగట్టటానికి పనికొచ్చింది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. 1948లో పార్టీ పంథా మారింది. జోషీని నాయకత్వం నుంచి తొలగించారు. ఆ తర్వాత జానా కూడా దూరమై, కలకత్తాలో స్టూడియో పెట్టుకొని బతికాడు. 2012లో అమెరికాలో చనిపోయేనాటికి, అతను తీసిన బొమ్మలు చూసి గుర్తుపట్టేవారిలో ఎంతోమందికి అతని పేరు తెలియదు. ఉద్యమం కళాకారుణ్ణి తయారు చేయగలదు, మరిచిపోనూగలదు. ఈ బాకీ మనవైపు కూడా ఉంది.

నాలుగో ఘట్టం జపానులోని మినమాతా. క్యూషూ దీవిలో చేపలు పట్టుకొని బతికే సముద్రతీరపు పట్టణం. చిస్సో అనే రసాయనాల కంపెనీ 1932 నుంచి తన ఫ్యాక్టరీ వ్యర్థాలను అక్కడి సముద్రంలోకి వదిలింది. అందులోని పాదరసం చేపల్లోకి, చేపల నుంచి పిల్లులకు, మనుషులకు ఎక్కింది. 1956లో రోగం బయటపడింది. కంపెనీ ఆసుపత్రి డాక్టరే 1959లో పిల్లులమీద పరీక్ష చేసి కారణం పట్టుకుంటే, కంపెనీ దాన్ని దాచిపెట్టింది. ప్రభుత్వం నిజాన్ని ఒప్పుకున్నది 1968లో.

అమెరికా ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, అతని భార్య ఐలీన్ 1971లో అక్కడికి వెళ్లారు. కొన్ని వారాలు ఉండి వెళ్లిపోలేదు. ఇల్లు అద్దెకు తీసుకొని మూడేళ్లు రోగుల మధ్య బతికారు. 1972 జనవరిలో రోగుల బృందంతోపాటు చిస్సో వారి మరో ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు కంపెనీ మనుషులు స్మిత్‌ను కొట్టారు. ఆ దెబ్బలకు అతని చూపు దెబ్బతిన్నది. అయితే మినమాతాను లోకానికి మొదట చూపింది స్మిత్ అనటం సరికాదు. జపాను ఫొటోగ్రాఫర్ కువబారా షిసేయ్ 1960 నుంచే అక్కడ పనిచేశాడు. ఆ పట్టణంలోనే ఉన్న గృహిణి, రచయిత్రి ఇషిమురే మిచికో 1969లో రోగుల గొంతుకలతో ఒక గొప్ప పుస్తకం తెచ్చింది. అదే ఏడాది రోగుల కుటుంబాలు కోర్టుకెక్కాయి. 1973 మార్చిలో కోర్టు కంపెనీదే తప్పని తీర్పు చెప్పింది. ఆ గెలుపు ముందుగా రోగులది.

స్మిత్ తీసిన వాటిలో పేరుపొందినది ఒక తల్లి తన కూతురికి స్నానం చేయిస్తున్న బొమ్మ. తల్లి గర్భంలోనే విషం సోకిన ఆ పిల్ల కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. చూపు లేదు, మాట లేదు. తల్లి మొహంలో దుఃఖం కంటే ప్రేమే ఎక్కువ కనిపిస్తుంది. ఉద్యమానికి పనికొస్తుందని తల్లిదండ్రులు సమ్మతించాకే 1971 డిసెంబరులో దాన్ని తీశారు. 1977లో, 21 ఏళ్ల వయసులో ఆ అమ్మాయి చనిపోయింది. బొమ్మ మాత్రం తిరుగుతూనే ఉంది. పుస్తకాల్లో, ప్రదర్శనల్లో, ఎక్కడ పడితే అక్కడ. పిల్లకు ఇక విశ్రాంతి ఇవ్వాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. స్మిత్ 1978లోనే పోయాడు. హక్కులు ఐలీన్ చేతిలో ఉన్నాయి. 1998లో ఆమె ఆ బొమ్మ గురించి నిర్ణయించే అధికారాన్ని తల్లిదండ్రులకే ఇచ్చి, కొత్త ప్రచురణలకు దాన్ని ఇవ్వటం మానుకుంది.

దీనిమీద వాదోపవాదాలు జరిగాయి. లక్షలమందిని కదిలించిన బొమ్మను దాచటం చరిత్రను దాచటమేనని కొందరన్నారు. ఆ వాదంలో బలముంది. కంపెనీ చేసిన నేరానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. అయినా నాకు ఐలీన్ నిర్ణయమే సరైనదనిపిస్తుంది. బొమ్మను ఉద్యమానికి ఇచ్చినవారు ఆ తల్లిదండ్రులు. ఇచ్చినవారు ‘ఇక చాలు’ అన్నప్పుడు వినకపోతే, వారికీ ఆ కంపెనీ చూసిన ముడిసరుకుకూ తేడా ఏముంది? నిపోమో తల్లికి ఆ అవకాశమే రాలేదు. ఆమెకు పేరే లేదు కనుక, ఆమె మాట వినాల్సిన అవసరం 42 ఏళ్లపాటు ఎవరికీ కలగలేదు. మినమాతాలో ఆ అడగటం సాధ్యమయింది. మూడేళ్లు కలిసి బతికిన పరిచయం దానికి కారణం.

హైన్ కొలతలు రాశాడు. చిత్తప్రసాద్ పేర్లు రాశాడు. స్మిత్ దంపతులు ఇరుగుపొరుగై బతికారు. ఫొటోగ్రాఫర్ బాకీ తీర్చుకునే దారులు ఇవి. మన దగ్గర కూడా కూలీల మీద, కరువు మీద, వలస మీద కథలూ కవితలూ కుప్పలుగా వస్తున్నాయి. రాసినవారికి సన్మానాలు జరుగుతున్నాయి. ఆ కథలోని మనిషి ఆ కథను విన్నాడా? విని ‘ఇది నేను కాదు’ అంటే దిద్దుకోవటానికి మనం సిద్ధంగా ఉన్నామా? ఇకముందు ఎవరి కథనైనా ‘ఫొటో’ అని తీసిపారేసే ముందు ఈ ప్రశ్న వేసుకుందాం. దానికి జవాబు చెప్పగల ఫొటోకు, జవాబు చెప్పలేని కథ కంటే ఎక్కువ విలువుంది.