ఒక పొల్లు కొరకు



మీ యింట గాని, మీ యూరి పెద్దల యింట గాని తాతలనాడు అచ్చయిన పద్యగ్రంథ మేదైన నున్న యెడల, దుమ్ము దులిపి తెరచి చూడుడి. "వచ్చెన్" వంటి మాట చివర మన మిప్పుడు వ్రాయు "న్" గాక, వేరొక ఆకారము గల అక్షరము మీకు కనబడవచ్చును. దాని పేరు నకారపొల్లు. అనగా అచ్చు లేని నకారము. అచ్చులకు ప్రాణములని వ్యాకరణములో పేరు గలదు. గింజ లేని వడ్లను పొల్లని చెరిగివేయు రైతునకు ఈ పేరు సులభముగా బోధపడును. కాలక్రమమున "న్" స్థిరపడగా, ఆ పాత అక్షరము వాడుకనుండి తొలగిపోయెను.

అక్షరముల కొరకు శ్రమించుట మన తీరమునకు క్రొత్త కాదు. నేడు ఓడరేవనియు ఉక్కునగరమనియు పేరుపొందిన విశాఖపట్టణమునకు 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను లండను మిషనెరీలు వచ్చిరి. వారు తెలుగు నేర్చి, ఆనందరాయరు అను క్రైస్తవుని సహాయముతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెనిగించు పనికి పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. ఆ సువార్తలు బంగాళములోని శ్రీరాంపూరులో 1812లో అచ్చయినవి. వాటిని కన్నులార చూచు భాగ్యము ఆ యిరువురికి లేకపోయెను. ఆ యేడే మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము కాలిపోయి, అక్షరములు కరిగి లోహపు ముద్దలాయెను. అయినను ఉక్కున చెక్కిన మూలపు అచ్చులు బూడిదలో చెడక దొరకినవి. వాటితోనే మరల అక్షరములు పోతపోసిరి.

నేడు అక్షరములకు సీసముతో పని లేదు, అంకెలతో పని. కంప్యూటరు ఎరిగినవి అంకెలే. కావున యూనికోడు అను పట్టికలో లోకమందలి లిపుల అక్షరములకు ఒక్కొక్క సంఖ్య నిచ్చుచున్నారు. 1991 నాటి మొదటి పట్టికలోనే తెలుగునకు చోటు దొరకెను. మన "అ" సంఖ్య 3077, "న" సంఖ్య 3112. నకారపొల్లునకు మాత్రము సంఖ్య లేదు. పాత గ్రంథమును కంప్యూటరులో ఎక్కించువారు దానికి బదులు "న్" వ్రాయవలసినదే. చదువువారికి మూలములో ఏమున్నదో తెలియదు. తుదకు 2021లో వెలువడిన 14వ కూర్పులో దానికి 3165 అను సంఖ్య లభించెను.

ఇట్టిదే అమెరికాలోను జరిగెను. చెరోకీ జాతివాడైన సెకోయా ఇంగ్లీషు చదువ నేరకపోయినను, 1821 నాటికి తన భాషకు ఒక లిపిని కూర్చెను. అందులో ఒక అక్షరము వాడుక తప్పెను. 1999లో 85 అక్షరములు యూనికోడులో చేరగా, వెనుకబడిన ఆ ఒక్కటి 2015లో చేరెను.

ఎవరును వ్రాయని అక్షరమునకు ఇంత శ్రమ ఏల అని మీ రడుగవచ్చును. పట్టిక నేడు వ్రాయువారికి మాత్రమే కాదు. గతించినవారు వ్రాసినదానిని మార్పు లేక అందుకొనుటకు కూడ. విశాఖలో తెనిగింపబడిన ఆ మత్తయి సువార్తయే మనకు సాక్షి. దాని అయిదవ అధ్యాయములో ప్రభువు ధర్మశాస్త్రమును గూర్చి పలికిన మాటలలో, మన తెలుగు బైబిలునందు, పొల్లు పేరు గలదు. వడ్లలో పొల్లును చెరిగివేయుదుము. వ్రాతలో పొల్లును కాపాడుకొనవలెను.

అయితే సంఖ్య దొరకినంత మాత్రమున పుస్తకము నిలువదు. చెదపురుగు సంఖ్యను చూచి ఆగదు. మీ యింటి పాత పుస్తకమును, సంఘపు పాత రిజిస్టరును తడి తగులని చోట భద్రపరచుడి. మీ పిల్లలు దానిని ఎక్కించు దినమున, "ఉన్నది ఉన్నట్టే వ్రాయుడి, పొల్లయినను విడువకుడి" అని వారికి చెప్పుడి.