హవాయి దీవుల గానగురువు ఈడిత్ కనకఓలె

హవాయి సంగీతమన్న మాట వినగానే మనవారిలో పెక్కుమందికి గుర్తు వచ్చునది ఒడిలో పెట్టుకొని, ఉక్కుకడ్డీని తీగలపై జార్చుచు వాయించెడి గిటారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున టావు మో కుటుంబమువారు కలకత్తాలో నివసించి, ఆ వాద్యము మన దేశమున వ్యాపించుటకు తోడ్పడిరి. కాని ఆ గిటారువాద్యము పందొమ్మిదవ శతాబ్ది చివర పుట్టిన బిడ్డ. అంతకు ఎంతో ముందునుండి ఆ దీవులలో సంగీతమనగా నోటిపాటయే. దానికి సొరకాయబుఱ్ఱయు, సొరచేపతోలు బిగించిన డోలును తోడు. ఆ పాటను నేర్పి తన జాతి పలుకును నిలిపిన ఒక పెద్ద గురువును గూర్చి ఇచట ముచ్చటింపదలచితిమి. ఆమె పేరు ఈడిత్ కనకఓలె.

తెలుగు అజంతభాష యని మనము గర్వించుచుందుము. హవాయిభాష మనకంటె ఒక అడుగు ముందున్నది. అందు పదములే కాదు, ప్రతి అక్షరమును అచ్చుతోనే ముగియును. సంయుక్తాక్షరములు లేవు. హల్లులు ఎనిమిది మాత్రమే. ఇంత కొద్ది సరుకుతో భాష నడువవలసి యుండుటచే హ్రస్వదీర్ఘముల భేదమునకు అందు ప్రాణమంత విలువ. రెండచ్చులు ప్రక్కప్రక్కన వచ్చినచో మనము యడాగమము తెచ్చి అతికింతుము. వారు పెక్కుచోట్ల గొంతు క్షణకాలము బిగించి విడుతురు. ఆ బిగింపును ఒక హల్లుగానే లెక్కింతురు. 'పౌ' అన్నచో ముగిసినదని అర్థము. మొదటి అచ్చును సాగదీసి, నడుమ గొంతు బిగించి, చివరి అచ్చును మఱల సాగదీసినచో స్త్రీలు నడుమునకు చుట్టుకొను వస్త్రమని అర్థము. పాడువారు దీర్ఘమును మ్రింగినచో దేవత కట్టిన చీర కాస్తయు 'అయిపోయినది' అగును!

ఆ పాట పడిన కష్టములు తక్కువవి కావు. 1830లో రాణి కఅహుమను హులానాట్యమును బహిరంగముగా ఆడరాదని కట్టడి చేసినది. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకోత్సవమున దానికి మఱల సభాగౌరవము కల్పించెను. (ఈ రాజు 1881లో భూప్రదక్షిణము చేయుచు మన కలకత్తా, బొంబాయి నగరములను చూచి పోయెను.) 1893లో రాచరికము కూలద్రోయబడినది. 1896లో బడులయందు బోధన ఆంగ్లముననే సాగవలెనని శాసనము వచ్చినది. 1898లో దీవులు అమెరికాలో చేర్చబడినవి. బడిలో స్వభాష పలికిన పిల్లలు దండింపబడిరి. తల్లిదండ్రులు ఇంటను ఇంగ్లీషే పలికింపసాగిరి. మనకు అట్టి శాసనమేదియు లేకున్నను, బడిభాష వేఱు, ఇంటిభాష వేఱు అయినప్పుడు ఏది ముందుగా సన్నగిల్లునో పరరాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములకు విప్పి చెప్పనక్కఱలేదు.

ఈడిత్ 1913లో హవాయి పెద్దదీవిలోని హొనోము అను ఊర జన్మించినది. తల్లియే ఆమెకు గురువు. 1953లో ఆమె 'హాలౌ ఓ కెకుహి' అను నాట్యగానశాలను నెలకొల్పినది. హాలౌ అనగా పొడవైన పాక. పడవలను దాచుటకును, విద్య చెప్పుటకును అదియే పేరు. గురువును 'కుము' అందురు. చెట్టు మొదలునకును అదియే మాట.

ఆ సంప్రదాయమున శిక్ష కఠినమైనది. శిష్యుడు వాకిట నిలిచి, లోనికి రానిండని పాటతో అడుగవలెను; లోపలినుండి పాటతోనే అనుమతి రావలెను. అంతవఱకు గడప దాటరాదు. కన్ను చూడవలె, చెవి వినవలె, నోరు మూసికొనవలె నన్నది వారి పెద్దల నానుడి. 'ఒలి' యను గానము దీర్ఘమైన ఊపిరిపై సాగవలెను. ఊపిరి చాలక పదమును నడుమ విఱిచినచో అపశకునమని పూర్వులు తలచిరి. వంశావళిని గానము చేయునపుడు పేరు తప్పుట తాళము తప్పుట వంటిది కాదు, ఒక పూర్వికుడే తప్పిపోవుట. ఇక నాట్యమున ఈ శాలవారిది 'ఐహఅ' యను రీతి. మోకాళ్ళు బాగుగ వంచి, నేలకు దగ్గఱగా, బలముగా ఆడవలెను. కిలావెయా అగ్నిపర్వతమున వసించు పెలె దేవత గాథలకు అదియే తగిన నడక. తొడలు మండుచుండగా నోట పలుకు చెదరనీయకుండుట ఎంత కష్టమో మన కూచిపూడివారికిని, తంజావూరుసీమ మెలట్టూరులో తెలుగు నాటకములాడు భాగవతులకును తెలియును.

ఇట్టి కట్టడిని నిలిపిన గురువును జనులు 'ఆంటీ ఈడిత్' అని పిలిచిరి. మన యిండ్లలో పిన్ని, అత్త అన్నట్లు, పెద్దలను ఆ మాటతో పిలుచుట హవాయిలో మర్యాద, మక్కువ కూడ. ఆ మక్కువకును, ఆ కట్టడికిని మూలమొక్కటియే యని మా తలంపు. బడి విడిచిన భాషకు గానశాలయే బడి యైనది. పిల్లల నోట దీర్ఘము నిలిచినదా లేదా యన్నదే అచట పరీక్ష. గురువు చూచియు చూడనట్లు ఊరకున్నచో సరిదిద్దుటకు మఱి యొకరు లేరు. పండుగసభలలో మన పిల్లలు పద్యమును విఱిచి చదివినను ముద్దుగా నున్నదని చప్పట్లు చఱచుచుందుము. ఆమె శాలలో అట్టి చప్పట్లకు చోటుండెనని మేము తలంపము.

ఆమె పాతదానిని కాపాడుటతో ఆగలేదు. క్రొత్త గానములను కూర్చినది. పాఠమునకు ముందు జ్ఞానము నిమ్మని వేడుచు హవాయి బడులలో నేడు పాడెడి చిన్న గీతము ఆమె రచనయే. 1970వ దశకము మొదట హీలోలోని కెఔకహా పాఠశాలలో హవాయిభాషాబోధనకు తోడ్పడినది. 1971 నుండి 1979 వఱకు, మొదట అచటి కళాశాలలోను, పిదప హీలో విశ్వవిద్యాలయమునను, వంశచరిత్ర, గానము, పురాణగాథలు, ఓషధుల వాడుక మొదలగువానిని బోధించినది. 1978లో హవాయిభాష రాష్ట్రమున అధికారభాషలలో ఒకటి యైనది. మఱుసటి ఏట అక్టోబరులో ఆమె కన్నుమూసినది.

1984లో 'పూనన లెఒ', అనగా పలుకుల గూడు, అను పేర పసిపిల్లల భాషాశాలలు మొదలైనవి. ఆమె శాలను కుమార్తెలు పువలాని, నాలాని నడిపిరి. 1993లో వారిరువురకు అమెరికా జాతీయ సంప్రదాయకళాపురస్కారము లభించినది. హీలోలో ఏటేట జరుగు హులా పోటీలకు వేదిక ఆమె పేర వెలసిన క్రీడామండపమే. 2023లో అమెరికా ప్రభుత్వము ముద్రించిన పావుడాలరు నాణెముపై ఆమె కేశములు కొండలై, నేలయై పరచుకొనినవి. ప్రక్కన జ్ఞానము నిమ్మని వేడు ఆ గీతపు మాటలు హవాయిభాషలోనే చెక్కబడినవి. దీర్ఘమును, గొంతుబిగింపును తప్పకుండ గుర్తులు వేసి యున్నారు.