వరల్డ్ టోర్నీ అరగంట దూరంలో జరుగుతుంటే నేను బేస్‌మెంట్‌లో ఉన్నా

ఈ ఎపిసోడ్‌ను ఒక తేదీతో మొదలుపెడతా. 2016 జులై 9, శనివారం. ఆ రోజు హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ఇండియన్ ఓపెన్ స్నూకర్ ఫైనల్ జరిగింది. అది కాలేజీ ఫెస్ట్ టోర్నీ కాదు, క్లబ్ టోర్నీ కూడా కాదు. ప్రొఫెషనల్ టూర్‌లో ర్యాంకింగ్ పాయింట్లు ఇచ్చే టోర్నీ. స్కాట్లాండ్ ఆటగాడు ఆంథొనీ మెక్‌గిల్, ఇంగ్లండ్ ఆటగాడు కైరన్ విల్సన్‌ను 5-2తో ఓడించి కప్పు తీసుకెళ్లాడు. మెక్‌గిల్ కెరీర్‌లో అదే మొదటి ర్యాంకింగ్ టైటిల్.

మరి అప్పుడు నేనెక్కడున్నా? బీటెక్ చదువుతున్నా. శంకర్‌పల్లిలో రైలెక్కి లింగంపల్లిలో దిగి, ఒక బేస్‌మెంట్ పూల్ పార్లర్‌లో క్యూ పట్టుకొని నిలబడ్డా. అక్కడి నుంచి హెచ్‌ఐసీసీకి ఆటోలో అరగంట. రోజూ ఆ ఆట గురించే మాట్లాడుకునే నలుగురం ఉన్నాం, ఒక్కడికి కూడా ఆ టోర్నీ సంగతి తెలియదు. నాకు రెండేళ్ల తర్వాత యూట్యూబ్‌లో తెలిసింది. ఆ మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఈ ఎపిసోడ్.

మా నాయినకు పార్లర్ సంగతి తెలిసిన రోజు ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "ఫీజు కడితే క్లబ్బులకు పోతున్నవా?" అన్నాడు. ఆయన దృష్టిలో క్లబ్ అంటే పేకాట, సిగరెట్లు, పైసలు పోగొట్టుకునుడు. "అది ఆట నాయినా" అంటే, "ఆటైతే గ్రౌండుల ఆడాలె, నేల కింద ఎందుకు ఆడుతరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే పూర్తిగా తప్పు కూడా అనలేను, ఎందుకంటే మా దగ్గర టేబుల్ డబ్బులు ఓడినోడే కట్టాలి. అది పందెం కాకపోతే ఇంకేంటి?

తర్వాత చదివితే తెలిసింది, ఆ చెడ్డపేరు ఆటకు పేరుతో పాటే వచ్చింది. పూల్ అంటే తలా కొంత వేసి కూడబెట్టిన పందెం సొమ్ము. 19వ శతాబ్దపు అమెరికాలో పూల్‌రూమ్ అంటే గుర్రప్పందాలు కాసే చోటు. ఒక రేసుకూ ఇంకో రేసుకూ మధ్య జనం టైంపాస్ చెయ్యడానికి అక్కడ బిలియర్డ్స్ టేబుళ్లు వేశారు. పందాల చోటు పేరు ఆ టేబుల్‌కు అంటుకుంది. అంటే మా నాయిన అనుమానానికి వందేళ్లకు పైగా చరిత్ర ఉందన్నమాట!

స్నూకర్ కథ వేరు. అది పుట్టింది మన దేశంలోనే, 1875లో, జబల్‌పూర్‌లో. వానాకాలం, బయటికి వెళ్లే వీల్లేదు. బ్రిటిష్ ఆఫీసర్ల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర ఆఫీసర్ ఉన్నాడు. తర్వాత ఇంగ్లండ్ ప్రధాని అయిన చాంబర్లేన్ కాదు, ఇతను వేరు. అప్పటికే ఆడుతున్న ఆటకు రంగు బంతులు కలిపి కొత్త ఆట చేశాడు. మిలటరీ అకాడమీలో కొత్తగా చేరిన కుర్రాళ్లను అప్పట్లో స్నూకర్ అని ఏడిపించేవాళ్లు. ఈజీ బంతి మిస్ చేసినవాణ్ని ఇతను ఆ మాటతో పిలిచాడు, ఆ తిట్టే ఆట పేరైపోయింది. రూల్స్ రాసి గోడకు పెట్టింది 1882లో, ఊటీ క్లబ్‌లో.

ఒక చిన్న సైడ్ టాపిక్. మా శంకర్‌పల్లి మీదుగా పోయే వాడి-సికింద్రాబాద్ రైలు లైను 1874లో మొదలైంది, స్నూకర్ కంటే ఒక్క ఏడాది ముందు. నేను పార్లర్‌కు పోయిన రైలు దారి, పార్లర్‌లో ఆడిన ఆట ఒకే ఈడువి.

సిటీలో కూడా ఈ ఆట ముందు పెద్దోళ్లదే. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బిలియర్డ్స్ గది ఇప్పటికీ ఉంది. ప్యాలెస్‌లో ఉంటే దర్జా, లింగంపల్లి బేస్‌మెంట్‌లో ఉంటే పిల్లలు చెడిపోయే అడ్డా. టేబుల్ మీద గుడ్డ మాత్రం రెండు చోట్లా పచ్చగానే ఉంటుంది.

ఫిలిప్పీన్స్‌లో ఏమైందో చూడండి. ఎఫ్రెన్ రేయెస్ చిన్నప్పుడు మనీలాలో వాళ్ల మామ పూల్ హాల్‌లో పనిచేస్తూ, రాత్రుళ్లు టేబుల్ మీదే పడుకునేవాడు. ఎత్తు అందక కూల్‌డ్రింక్ డబ్బాల మీద నిలబడి ఆడేవాడు. 1999లో కార్డిఫ్‌లో వరల్డ్ నైన్‌బాల్ చాంపియన్ అయ్యాడు. అక్కడ ఆయన నేషనల్ హీరో. అదే మా వీధిలో పుడితే మా నాయిన లాంటోళ్లు చెవి పట్టుకొని ఇంటికి తీసుకుపోయేవాళ్లు, గ్యారంటీ.

నన్ను మార్చింది కూడా రేయెస్ వీడియోలే. అంతకుముందు నేను మ్యాచ్ చూస్తే రంగు బంతి పడిందా లేదా అని చూసేవాణ్ని. రేయెస్ ఆట చూస్తుంటే కళ్లు తెల్ల బంతి మీదికి పోయాయి. నైన్‌బాల్‌లో టేబుల్ మీదున్న చిన్న నంబర్‌నే ముందు తగలాలి. కాబట్టి ఒకటో బంతి వేసేటప్పుడే తెల్ల బంతి రెండో దానికి ఎక్కడ ఆగాలో, అక్కడి నుంచి మూడో దానికి ఎటు పోవాలో లెక్క ఉండాలి. కోడ్ రాసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇప్పుడు రాసే లైన్ మూడు ఫంక్షన్ల తర్వాత పేలుతుంది కదా, అట్లా.

స్నూకర్‌లో ఇది ఇంకా కష్టం. టేబుల్ పన్నెండు అడుగులు, పూల్ కంటే బంతులు చిన్నవి, పాకెట్లు ఇరుకు. అసలు మజా సేఫ్టీలో ఉంటుంది. బంతి వేసే ఛాన్స్ లేనప్పుడు, తెల్ల బంతిని ఎదుటివాడికి దారి దొరకని చోట దాచిపెట్టడం. ఫోన్ స్క్రీన్‌లో చూసేవాళ్లు సరిగ్గా అక్కడే స్కిప్ కొడతారు. దయచేసి కొట్టకండి. తెల్ల బంతినే చూస్తూ ఒక్క ఫ్రేమ్ పూర్తిగా చూడండి.

ఇండియన్ ఓపెన్‌కు వద్దాం. మొదటిది 2013లో ఢిల్లీలో. మన ఆదిత్య మెహతా ఫైనల్‌కు వెళ్లాడు, ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు. చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 5-0తో ఓడిపోయాడు. తర్వాత ఒకసారి ముంబై, 2016లో హైదరాబాద్, 2017 సెప్టెంబర్‌లో విశాఖపట్నం. వైజాగ్ ఫైనల్‌లో మళ్లీ మెక్‌గిల్ వచ్చాడు, కానీ అప్పటికే నాలుగుసార్లు వరల్డ్ చాంపియన్ అయిన జాన్ హిగిన్స్ 5-1తో కొట్టేశాడు. 2019లో కొచ్చి. ఆ తర్వాత టూర్‌లో ఇండియన్ ఓపెన్ లేదు. రెండేళ్లు వరసగా రెండు తెలుగు రాష్ట్రాలకు వచ్చిన టోర్నీ ఇది, వైజాగ్‌ది కూడా నాకు అయిపోయాకే తెలిసింది. ఆ రోజుల్లో ఐపీఎల్ టాస్ టైమ్ కూడా నిమిషంతో సహా చెప్పేవాణ్ని.

హెచ్‌ఐసీసీలో ఓడిపోయిన కైరన్ విల్సన్ గుర్తున్నాడా? 2024 మేలో షెఫీల్డ్ క్రూసిబుల్‌లో వరల్డ్ ఫైనల్ ఆడాడు. ఎదురుగా జాక్ జోన్స్. విల్సన్ మొదటి ఏడు ఫ్రేములు వరసగా గెలిచాడు. 17-11 దాకా వచ్చాక ఇంక ఒక్క ఫ్రేమ్ చాలు, అప్పుడు జోన్స్ వరసగా మూడు లాగేశాడు. 17-14.

ఆ రాత్రి ఆఖరి సెషన్ మన టైమ్ ప్రకారం పదకొండున్నరకు మొదలైంది. జాబ్ మానేసి ఈ ఛానల్ నడుపుతున్నా కాబట్టి పొద్దున లేవాల్సిన పని లేదు, ఇంట్లో లైట్ తీసేసి ఫోన్‌లో చూస్తున్నా. నాయిన మంచినీళ్లకు లేచి నా వెనక నిలబడ్డాడు. ఒక ఫ్రేమ్ అయింది, పోలేదు. కాసేపటికి మంచం మీద నా పక్కనే కూర్చున్నాడు.

"ఆ తెల్లదాన్ని అక్కడ ఎందుకు పెట్టిండు?" అన్నాడు.

చెప్పిన. ఎదుటోనికి ఎర్ర బంతి కనబడకుండా పెట్టిండని. "గట్లనా" అని మళ్లీ చూడబట్టిండు. విల్సన్ 18-14తో గెలిచి పిల్లల్ని దగ్గరికి తీసుకున్నాడు.

"ఈయన మన హైదరాబాద్‌కు వచ్చి ఆడిండు నాయినా, 2016ల. హైటెక్ సిటీ కాడ. ఆడ ఓడిపోయిండు."

"మరి నువ్వు పోయి చూసినవా?"

"లే. తెల్వదు అప్పుడు."

"గప్పుడు ఏడున్నవ్?"

లింగంపల్లిల అని చెప్పిన. ఎందుకని అడగలేదు, ఆయనకు తెలుసు. ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకొమ్మని లేచి పోయిండు.