ముద్దు కూడదన్న శాస్త్రం

పసివాణ్ణి ఒళ్లో కూచోబెట్టుకోవద్దు. ముద్దు పెట్టుకోవద్దు. మరీ తప్పదనుకుంటే రాత్రి పడుకోబోయే ముందు నుదుటి మీద ఒక్కటి. తెల్లారాక ఓ కరచాలనం. ఇలా చెప్పింది ఏ కఠినాత్ముడో కాదు, అమెరికాలో పేరుమోసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ వాట్సన్. 1928లో తల్లుల కోసం రాసిన శిశుపోషణ పుస్తకంలో చెప్పాడు.

మనసులో ఏముందో ఎవరికి కనబడుతుంది, కంటికి కనబడే ప్రవర్తననే పరీక్షిద్దాం అని 1913లో వాదం లేవదీసింది ఆయనే. దాన్నే బిహేవియరిజం అన్నారు, మన పుస్తకాల్లో ప్రవర్తనావాదం. మాట సబబుగానే ఉంది కదూ?

ఆ వాదాన్ని రుజువు చేయడానికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వాట్సనూ, ఆయన శిష్యురాలు రోజలీ రేనరూ కలిసి ఓ పసివాణ్ణి ఎంచుకున్నారు. ఆల్బర్ట్ అని పిలిచారు. పదకొండు నెలల ఆ బిడ్డకి తెల్ల ఎలుకంటే బెదురే లేదు. వాడు ఎలుకని ముట్టుకోబోయినప్పుడల్లా వెనకనించి ఉక్కు కడ్డీ మీద సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్నిసార్లయ్యేసరికి చప్పుడు లేకుండానే, ఎలుకని చూస్తేనే ఏడ్చి పాక్కుంటూ పారిపోవడం మొదలెట్టాడు. కుందేలన్నా భయమే, బొచ్చుకోటన్నా భయమే. 1920లో ఇదంతా అచ్చయింది. ఆ భయం పోగొట్టకుండానే, పాపం, బిడ్డ ఆస్పత్రి నించి వెళ్లిపోయాడు.

పోగొట్టే దారి వెతికింది ఇంకో ఆడపిల్ల. మేరీ కవర్ జోన్స్, వాసర్ కాలేజీలో రోజలీ సహాధ్యాయిని. మూడేళ్లు నిండని పీటర్‌కి కుందేలంటే హడలు. వాడు ఇష్టమైనది తింటూ ఉంటే కుందేలు పంజరాన్ని దూరాన పెట్టి, మెల్లమెల్లగా దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి పీటర్ దాన్ని చేత్తో నిమిరాడు. తినిపిస్తూ మరిపించడం మా అమ్మమ్మకి తెలియదా అంటారు మీరు. తెలుసు. కానీ పిల్లవాడు ఎంత దూరంలో ఓర్చుకున్నాడో, ఎక్కడ బెదిరాడో మెట్టుమెట్టుగా చూసి, 1924లో అచ్చువేయించింది మేరీ. ఆ పని వెనక సలహాలు వాట్సన్‌వే! తర్వాతి కాలంలో ప్రవర్తనా చికిత్సకి తల్లి అని ఆమెకే పేరొచ్చింది.

చూశారా, భయం పెట్టడానికీ ప్రయోగం జరిగింది, పోగొట్టడానికీ జరిగింది. ముద్దులాడితే పిల్లలు చెడిపోతారని మాత్రం ఆయన ఏ ప్రయోగంలోనూ చూపించలేదు. అది ఆయన సొంత అభిప్రాయం. శాస్త్రం చొక్కా తొడుక్కుని మన ఇళ్లలోకి కూడా ఇలాంటివి ఎన్ని రాలేదు!

రోజలీ సంగతి చెప్పలేదు కదూ. గురువూ శిష్యురాలూ ప్రేమించుకున్నారు. వాట్సన్‌కి అప్పటికే పెళ్లయింది. గొడవై 1920లో ఉద్యోగం పోయింది, విడాకులయ్యాయి. రోజలీని పెళ్లాడి న్యూయార్క్‌లో ఓ ప్రకటనల కంపెనీలో చేరాడు. ఇద్దరు కొడుకులు పుట్టారు. ముద్దు కూడదన్న పుస్తకం మీద సహాయకురాలిగా ఆవిడ పేరూ ఉంది.

అదే రోజలీ 1930లో ఓ తల్లిదండ్రుల పత్రికలో వ్యాసం రాసింది. భర్తగారి శాస్త్రానికి కొంత తలవంచుతానట, కొంత ఎదురుతిరుగుతానట. మమకారం విషయంలో తన పిల్లలు పెద్దయ్యాక కాస్త బలహీనులుగానే ఉండాలని, కవిత్వానికి కళ్లు చెమర్చాలని లోలోపల కోరుకుంటోందట. పడీపడీ నవ్వడం తనకిష్టమట. ప్రవర్తనావాదులకి అది జబ్బు లక్షణం మరి!

1935లో, ముప్ఫయ్యారేళ్లకే పోయింది. మరుసటి ఏడు తన జీవితకథలో వాట్సన్ ఒప్పుకున్నాడు, ఆ పుస్తకం రాయడానికి కావలసినంత తనకి తెలియదని.