హుస్సేనీ ఆలం గల్లీలో ఇయర్‌ఫోన్: చెవికి ‘సీల్’ ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక చిన్న పని చేయండి. ఇయర్‌ఫోన్ పెట్టుకునే వింటున్నారు కదా, దాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ పెరిగిందా? పెరిగితే అది ఇప్పటిదాకా మీ చెవిలో సరిగ్గా కూర్చోలేదన్నమాట.

నాకు ఈ సంగతి హుస్సేనీ ఆలంలో తెలిసింది. చార్మినార్ నుంచి పడమటి వైపు నడిచిపోయే దూరం. పేరులోనే ‘ఆలం’ ఉంది, అంటే మొహర్రంలో ఎత్తే పీరు. బీటెక్ అయి సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న రోజుల్లో అక్కడ పై అంతస్తులో ఒక గది అద్దెకుండేవాణ్ణి. నైట్ షిఫ్ట్, అమెరికా కాల్స్. కింద గల్లీలో హారన్లు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే అర్ధరాత్రి బారాత్, దాంతో మర్ఫా. యెమెన్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళతో పాటు వచ్చిన వాయిద్యం అది. నాకు భలే ఇష్టం, క్లయింట్ కాల్‌లో లేనప్పుడు! ఇళ్ళున్న చోట రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి రూల్స్ చెప్తున్నాయి. ఆ మాట గల్లీకి ఎవరు చెప్పాలి?

నేనేం చేశానంటే, వాల్యూమ్ పెంచాను. రోజూ ఫుల్. కొన్ని నెలలకి, అంతా సద్దుమణిగాక కూడా చెవిలో జోరీగ దూరినట్టు ఒకటే ‘గుయ్’.

గల్లీ చివర రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేర్ చేసే ఒక చాచా ఉండేవాడు. ‘ఇది ఖరాబైంది చాచా, బేస్ రావట్లేదు’ అని ఇయర్‌ఫోన్ ఇచ్చాను. చూసి నవ్వాడు. ‘మాల్ అచ్ఛాచ్ హై బేటా, కాన్‌మే బరాబర్ బైఠా నై’ అన్నాడు. ఏదో డబ్బాలోంచి పెద్ద సైజు రబ్బర్ టిప్ తీసి ఎడమవైపుకి మార్చి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. ఆ రాత్రే కూర్చుని దీని హిస్టరీ మొత్తం తవ్వాను.

1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్ చేసి నేవీకి పంపాడు. అది పాటల కోసం కాదు, బలహీనంగా వచ్చే రేడియో సిగ్నల్ వినడానికి. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. అది ఇంట్లో కూర్చుని వినేది. 1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చింది, సంగీతం వీధిలోకొచ్చింది. కానీ దాని హెడ్‌ఫోన్ చెవి మీద ఆనే పల్చటి స్పాంజి మాత్రమే. బయటి శబ్దం మొత్తం లోపలికే. పైగా ఒక ఆరెంజ్ బటన్ నొక్కితే పాట తగ్గి, మైక్‌లోంచి పక్కవాళ్ళ మాట వినబడేది! ఒక్కడే వినడం మర్యాద కాదేమోనని రెండు జాక్‌లు కూడా పెట్టారు. 2001లో ఐపాడ్‌తో వచ్చిన తెల్ల ఇయర్‌బడ్స్ కూడా గట్టి ప్లాస్టిక్కే, సీల్ లేదు. బస్సులో మనందరం వాల్యూమ్ పెంచింది అందుకే.

మరి సీల్ ఎక్కడిది? నాకు ఆశ్చర్యమేసింది ఇక్కడే. అది మ్యూజిక్ వాళ్ళది కాదు. మెషీన్ల మోత నుంచి కార్మికుల చెవులు కాపాడటానికి 1970లలో నలిపి పెట్టుకునే ఫోమ్ ఇయర్‌ప్లగ్ వచ్చింది. సరిగ్గా పెట్టుకుంటే దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించేలా దానికి రేటింగ్. వినికిడి పరికరాల మీద పనిచేసిన మీడ్ కిలియన్ 1983లో ఎటిమోటిక్ పెట్టి, ముందు వినికిడి పరీక్షలకి చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్ చేశాడు. ఆ దారిలోనే 1991లో పాటలు వినే ఈఆర్-4 వచ్చింది. మీ చెవిలో ఉన్న రబ్బర్ టిప్‌కి చుట్టాలు ఫ్యాక్టరీలో, ఆస్పత్రిలో ఉన్నారు.

నాయిస్ క్యాన్సిలేషన్ కథ వేరు. శబ్దానికి ఎదురు శబ్దం అనే ఐడియాకి జర్మనీ ఆయన పౌల్ ల్యూగ్ 1936లోనే అమెరికా పేటెంట్ పొందాడు. 1978లో విమానంలో ఇంజన్ మోతకి విసిగిపోయిన అమర్ బోస్, వాళ్ళ నాన్న బెంగాలీ, అక్కడే లెక్కలు మొదలుపెట్టాడు. 1989లో పైలట్లకి హెడ్‌సెట్, 2000లో జనానికి క్వైట్‌కంఫర్ట్. పుట్టిందే ఇంజన్ మోత కోసం కాబట్టి, ఒకే తీరుగా సాగే ‘ఘూ’ మనే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. మర్ఫా దెబ్బ, హారన్, పక్కింటి కేకలు? వాటిని ఆపేది ఎక్కువగా సీలే. సీల్ లీకైతే క్యాన్సిలేషన్ కూడా సగమే పనిచేస్తుంది. మూడువేలు ఎక్కువ పెట్టి ఏఎన్‌సీ కొని, డబ్బాలోని మిగతా టిప్స్ పారేసేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

టిప్ పెట్టేటప్పుడు ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగండి. ఫోమ్ టిప్ అయితే వేళ్ళతో సన్నగా నలిపి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా ఓ అర నిమిషం పట్టుకోండి. మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినబడితే సీల్ పడినట్టే. రెండు చెవులూ ఒకే సైజు ఉండాలని రూలేం లేదు. నొప్పి పెడితే మాత్రం సైజు తగ్గించండి. బండి మీద ఉన్నప్పుడు అసలు పెట్టుకోవద్దు, మదీనా సర్కిల్‌లో వెనక బస్సు హారన్ వినబడాలి!

80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నేను ఆ నాలుగు గంటలు సోమవారం రాత్రికే అయిపోగొట్టేవాణ్ణి. ఇప్పుడు నాకు కుడివైపు మీడియం, ఎడమవైపు లార్జ్. వాల్యూమ్ సగం కూడా దాటదు. ఆ జోరీగ మాత్రం ఎడమ చెవిలో ఇంకా ఉంది, రాత్రిళ్ళు ఫ్యాన్ ఆపితే వినబడుతుంది. మీకూ అలాంటిదుంటే కామెంట్ పెట్టే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.