ఎనిమిది రోజుల జీతం

ఒక్క రోజు పని మానేస్తే ఎన్ని రోజుల జీతం కొయ్యాలి? ఒక రోజుదే కదా అంటారు. కానీ పది మంది కూడబలుక్కుని చెప్పాపెట్టకుండా మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా కొయ్యొచ్చు అని మన దేశంలో ఒక చట్టం ఉండేది. "ఉండేది" అనడం కూడా పూర్తిగా కరెక్టు కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ లెక్క మీదే 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. గోదావరిఖని అప్పట్లో కరీంనగర్ జిల్లా. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఆదిలాబాద్ జిల్లా. (2016 నుంచి ఇవి పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లో ఉన్నాయి.) యాభై ఆరు రోజులంటే దాదాపు రెండు జీతాలు. ఎనిమిది రోజుల జీతం పోతుందని రెండు నెలల జీతం వదులుకోవడమేంటి, ఇదేం లెక్క అని మనలాంటి ఎక్సెల్ షీటు బుర్రలకి అనిపిస్తుంది. కొంచెం వెనక్కి వెళ్తే అర్థమవుతుంది.

ఆ చట్టం పేరు వేతనాల చెల్లింపు చట్టం, 1936. నిజానికి అది కార్మికుడి మేలు కోసం వచ్చిన చట్టమే. అంతకుముందు జీతం ఎప్పుడిస్తారో, జరిమానాల కింద ఎంత కోస్తారో అంతా యజమాని ఇష్టం. 1931లో విట్లీ కమిషన్ రిపోర్టు ఇచ్చాక, జీతం ఫలానా తేదీలోపు ఇవ్వాలి, ఫలానా వాటికి తప్ప కొయ్యకూడదు అని హద్దులు పెట్టారు. ఆ హద్దుల మధ్యలోనే తొమ్మిదో సెక్షన్ కింద ఒక మినహాయింపు వాక్యం కూర్చుంది. పది మంది లేక అంతకన్నా ఎక్కువ మంది కలిసి, ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా గైర్హాజరైతే, నోటీసుకి బదులుగా ఒప్పందం ప్రకారం రావాల్సిన మొత్తాన్ని, ఎనిమిది రోజుల జీతానికి మించకుండా పట్టుకోవచ్చు. ఇంకో తమాషా.. డ్యూటీకి వచ్చి కూర్చుని, సమ్మెగా పని చెయ్యనన్నా గైర్హాజరు కిందే లెక్క. కాగితం మీద చదివితే ఎనిమిది అనేది గరిష్ఠ పరిమితి. యాజమాన్యం చేతిలో పడ్డాక అదే కొరడా అయింది.

ఇప్పుడు బాయి దగ్గరికి వద్దాం. (బొగ్గుగనిని అక్కడ బాయి అనే అంటారు. మేనేజరు బాయి దొర.) తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే ఫిల్లర్‌కి మస్టర్ పడితేనే జీతం, మస్టర్ల లెక్క మీదే సెలవులు. లోపల ప్రమాదం జరిగింది, లేదా పై అధికారి నోరు పారేసుకున్నాడు. ఏం చెయ్యాలి? సంఘం నాయకుడికి చెప్తే, ఆయన మేనేజ్‌మెంటుకి ఉత్తరం రాస్తే, వాళ్ళు జవాబిచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని ఆ షిఫ్టు అక్కడికక్కడే ఆగిపోయేది. అదొక్కటే వాళ్ళ చేతిలో ఉన్న పనిముట్టు. ఒక్క షిఫ్టు ఆపితే ఎనిమిది రోజులు కోత అనడమంటే ఆ పనిముట్టు లాక్కోవడమే. కాబట్టి వాళ్ళు లెక్క తప్పలేదని నా అభిప్రాయం. ఆ ఒక్క నెల జీతానికే చూసుకుంటే నష్టం, ఆ తర్వాతి ఇరవై ఏళ్ళ ఉద్యోగానికి చూసుకుంటే కాదు.

ఆ సమ్మె పాత సంఘాల చెయ్యి దాటిపోయింది. పీపుల్స్‌వార్‌తో అనుబంధం ఉన్న సింగరేణి కార్మిక సమాఖ్య, అదే సికాస, ఆ వేడిలోనే పుట్టి పెరిగింది. తర్వాత దాన్ని ప్రభుత్వం నిషేధించింది. అదంతా వేరే కథ, రెండువైపులా నెత్తురున్న కథ. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే: కోత భయంతో సమ్మెలు తగ్గాయా? లేదు. ఎనభైల చివరా తొంభైల మొదట్లోనూ సింగరేణిలో చిన్నా పెద్దా కలిపి ఏడాదికి వందల్లో సమ్మెలు జరిగాయి. కంపెనీ బీఐఎఫ్ఆర్ గడప దాకా, అంటే ఖాయిలా పరిశ్రమల జాబితా దాకా వెళ్ళింది.

1998లో కేంద్ర కార్మిక శాఖ ఆధ్వర్యంలో రహస్య బ్యాలెట్ పెట్టి, ఏ సంఘంతో మాట్లాడాలో కార్మికులనే ఎన్నుకోమన్నారు. ఏఐటీయూసీ గెలిచింది. ఆ తర్వాత చీటికీ మాటికీ బాయి ఆగడం బాగా తగ్గింది. అన్నీ దీనివల్లే అనను. నిషేధాలూ ఎన్‌కౌంటర్లూ ఉన్నాయి, ఫిల్లర్ల పని యంత్రాలకి పోవడమూ ఉంది. కానీ ఎన్నికల పద్ధతి నిలబడింది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లోనూ 90 శాతానికి పైగా ఓటేశారు. అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాదు ఐటీ కారిడార్ పోలింగ్ శాతం గుర్తు చేసుకుని సిగ్గుపడండి :)

సరే, మన సంగతి. 1936 చట్టం అందరికీ వర్తించేది కాదు, జీతం మీద ఒక సీలింగు ఉండేది. 2017 నుంచి అది నెలకి 24,000. అందుకే మనలో చాలామందికి ఆ చట్టంతో పనే పడలేదు. దాని బదులు తెచ్చిన వేతనాల కోడ్, 2019 మిగతా మూడు లేబర్ కోడ్‌లతో పాటు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇందులో జీతం చెల్లింపు నిబంధనలకి సీలింగు లేదు. టీమ్ లీడైనా మేనేజరైనా ఉద్యోగే. మంచి జరిగింది కూడా. రాజీనామా చేసినా, తీసేసినా రెండు పని దినాల్లో రావాల్సిన జీతం ఇచ్చెయ్యాలి. ఫైనల్ సెటిల్‌మెంట్ కోసం నెలన్నర ఎదురుచూసి, హెచ్చార్‌కి మెయిళ్ళు కొట్టినవాళ్ళకి దీని విలువ తెలుసు.

అయితే అదే కోడ్‌లో ఇరవయ్యో సెక్షన్ చూడండి. పది మంది, నోటీసు లేకుండా, ఎనిమిది రోజులు.. 1936 నాటి వాక్యం దాదాపు మాటకి మాట అలాగే ఉంది. సింగరేణిలో అంత జరిగాక కూడా దాన్ని కాపీ పేస్ట్ చేశారు. లెగసీ కోడ్‌ని ఎవరూ ముట్టుకోరని మనకి తెలియనిదా!

పది మంది అంటే మన లెక్కలో ఒక స్క్రమ్ టీమ్.

ఊరికే భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఉద్యోగ ఒప్పందంలో అలాంటి షరతు ఉంటేనే ఆ కోత పడుతుంది. పైగా ప్రభుత్వం చేసే నియమాలకి లోబడి అని ఆ వాక్యంలోనే ఉంది. బొగ్గు గనులకి ఆ నియమాలు రాసేది కేంద్రం, మన ఐటీ కంపెనీలకి రాష్ట్రం. నియమాలని ముందుగా ముసాయిదాగా ప్రచురించి తీరాలని కోడే చెప్తోంది, అభ్యంతరాలు చెప్పుకోవడానికే ఆ గడువు. 2020 జులైలో కేంద్రం ఇదే కోడ్‌కి ముసాయిదా నియమాలు గెజెట్‌లో పెట్టి, 45 రోజులు గడువిచ్చింది. అప్పుడు మనమంతా ఇంట్లోనే ఉన్నాం, లాప్‌టాప్ ముందే. నేను చూసిన ఏ ఆఫీసు గ్రూపులోనూ దాని ఊసు రాలేదు.

మొన్న నా అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీశాను. నోటీసు పీరియడ్ గురించి పేజీన్నర ఉంది. మూకుమ్మడి గైర్హాజరు అన్న మాట ప్రస్తుతానికి లేదు. మీది కూడా ఒకసారి తీసి చూడండి.