వదిలిన పాదం దగ్గరికి

వంద మంది పృచ్ఛకులు ప్రశ్నలిచ్చే శతావధానంలో అసలు కష్టం పద్యం మొదటి పాదానికీ రెండో పాదానికీ నడుమ ఉంటుంది. ఒక పృచ్ఛకుడికి పాదం చెప్పి అవధాని పక్కవారి వైపు తిరుగుతాడు. మళ్లీ ఆ పృచ్ఛకుడి వంతు వచ్చేలోపు తొంభై తొమ్మిది మంది అడ్డం వస్తారు. ఒకరిది సమస్య, ఒకరిది దత్తపది, ఇంకొకరిది వర్ణన. ఇలా నాలుగు విడతలు గడిచాక పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి.

పంతొమ్మిదో శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యులు శతావధానిగా పేరుమోశారు. ఆ తర్వాత దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఈ విద్యను గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలకూ పట్టణ సభలకూ తీసుకెళ్లారు. జనం వాళ్ల ధారణను మెచ్చారు, ఆశుధారను మెచ్చారు. ఏళ్లుగా పృచ్ఛకుడిగా కూర్చుంటున్న నాకు మాత్రం, వదిలిన చోటికి సరిగ్గా తిరిగి రావడమే అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇలా ఒక పని నుంచి మరో పనికి మారడం మీద 1927లో ఆర్థర్ జెర్సిల్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. ఒకే రకం అంకెల మీద రెండు రకాల లెక్కలు మార్చిమార్చి చేయిస్తే మనుషుల వేగం తగ్గింది. ఒకసారి అంకె, ఒకసారి మాట ఇచ్చి, అంకెకు లెక్క, మాటకు వ్యతిరేక పదం చెప్పమంటే ఆ నష్టం దాదాపు కనిపించలేదు. ఏం చెయ్యాలో ఎదుట ఉన్నదే గుర్తు చేస్తోంది మరి. అవధాని కూడా పాదం ఎత్తుకునే ముందు పృచ్ఛకుడి ముఖంలోకి చూస్తాడు. ఎవరి పద్యం వారి గొంతుకూ వారి కుర్చీకీ ముడిపడి ఉంటుందని నా నమ్మకం. అందుకే సభ మధ్యలో కుర్చీలు మారనివ్వను.

అష్టావధానంలో మధ్యమధ్య మోగే గంటకు ఆ ముఖం కూడా లేదు. వెనకటి అవధానాల్లో చదరంగం ఉండేది, వీపు మీద వేసిన పూలు లెక్కపెట్టడం ఉండేది. క్రమంగా సాహిత్యాంశాలు వాటి చోటు తీసుకున్నాయి. ఘంటాగణనం ఇంకా కొంత మిగిలింది. నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరానికీ అడ్డు తగులుతుంటే, అప్రస్తుత ప్రసంగి ఏదో చమత్కారం విసురుతుంటే, ఎక్కడో గంట మోగుతుంది. అవధాని అటు తిరగకూడదు, వినకుండానూ ఉండకూడదు. చివర్లో లెక్క చెప్పాలి. దృష్టి మళ్లించడం వేరు, మళ్లించకుండానే ఒక చెవి అటు ఉంచడం వేరు. ఈ రెండోదాన్ని పరీక్షించేది గంట ఒక్కటే. కొన్ని సభల్లో దాన్ని తీసేసి మరో పద్యాంశం పెడుతున్నారు. నాకది బాధగా ఉంటుంది. పద్యాలకు ఇప్పటికే ఆరేడు కుర్చీలున్నాయి.